ఎర్ర లైటుకు అడ్డంగా

కౌన్సిలర్ బావగారికి,

నాలుగురోడ్ల కూడలిలో పాత సిగ్నళ్లు పీకించి కొత్తవి పెట్టించారు, సంతోషం. ఆ ఘనకార్యం ఊరంతా తెలియాలని పళ్లికిలించిన మీ ఫొటోతో ఫ్లెక్సీ కూడా కట్టించారు. కట్టింది సరిగ్గా ఎర్ర లైటుకు అడ్డంగా. లైటు కనపడక మీ తోడల్లుడు స్కూటర్ ఆపలేదు. పక్కరోడ్డులోంచి వచ్చిన వ్యాను గుద్దేసింది. కాలు విరిగి మంచంలో ఉన్నారు.

మీరేమో చూడ్డానికైనా రాకుండా, "పోలీసులడిగితే బ్రేకులు పడలేదని చెప్పమను" అని అక్కతో కబురు పెట్టారు. సిగ్గనిపించలేదా బావగారూ?

నేను అలా చెప్పను. వీధివాళ్లంతా చూస్తుండగా ఆ ఫ్లెక్సీ దింపించి ఇంటికి తెచ్చాను. నుజ్జయిన స్కూటర్ వానకు తడవకుండా దాన్నే కప్పాను. రేపు పోలీసులు బండి చూడ్డానికొస్తారు. ముందు కనపడేది మీరే.

మీ మరదలు