అంగుళానికో సంవత్సరం

నాచారం,
శనివారం.

తమ్ముడు నరేందర్‌ను అన్న మహిపాల్ ప్రభువు పేరిట దీవించి రాయునది. నేనూ మీ వదిన తారామణీ క్షేమం. నీ మోకాలికి నూనె రాయడం మానకు. ఫోన్‌లో నేను గొంతు పెంచితే పెట్టేస్తావు కనుక బైబిల్లో పౌలు సంఘాలకు రాసినట్టు ఉత్తరం రాసి, బల్లార్షా వస్తున్న భూషణం మామ చేతికిస్తున్నాను.

దుర్గమ్మ అక్క ఆపరేషన్ ఏమైందని అడిగావు. కూర్చుని చదువు.

పోయిన నెల మన సంఘానికి ఒక ప్రసంగీకుడు గోడంత పటంతో వచ్చాడు. ఐగుప్తులోని పెద్ద పిరమిడ్ లోపలి దారులను అంగుళాల్లో కొలిచి, అంగుళానికో సంవత్సరం లెక్కగట్టి, వచ్చే క్రిస్మస్‌లోపే ప్రభువు రెండో రాకడ అని తేల్చాడు. ఐగుప్తులో ప్రభువుకు బలిపీఠం, స్తంభం ఉంటాయని యెషయా ప్రవక్త రాస్తే ఈయన దాన్ని పిరమిడ్ చేశాడు. ఆ దినం తండ్రికి తప్ప ఎవరికీ తెలియదని మత్తయి ఇరవై నాలుగు చెబుతుంటే, ఈయనకు కొలత టేపు చెప్పిందట.

ఒళ్లు మండి నేనూ చదివాను. అడుగున ఒక్కో వైపు ఏడువందల యాభై అడుగుల పైమాటే, నాలుగు వైపులకూ జానెడు తేడా లేదు. ఇరవై లక్షలకు పైగా రాళ్లు. రాగి ఉలులతో చెక్కి, పడవల మీద తెచ్చి, చక్రాల్లేని చెక్కబండ్లకు కట్టి, ఇసుక తడిపి లాగారంటారు. అదంతా ఒక రాజు శవాన్ని దాచడానికి. లాగినవాళ్ల సమాధులు పక్కనే ఉన్నాయి. ఆ చెమట కనబడని కళ్లకు క్యాలెండర్ కనబడిందా?

అక్క నమ్మింది. గర్భసంచిలో గడ్డ ఉంది, ఆలస్యం చేస్తే పాకుతుందని డాక్టరమ్మ చెప్పినా వినలేదు. మీ వదినను వెంటబెట్టుకుని ఉప్పల్‌లో వాళ్లింటికి వెళ్లి, బైబిల్లో ఆ మత్తయి వాక్యం తీశాను.

"ప్రభువే వస్తుండంటే నాకు ఈ కోతలెందుకురా?"

"రాడన్ననా అక్కా? ఎప్పుడో తెల్వదన్న."

"ఆయన కొలిచిండు. నువ్వేం కొలిచినవు, గొంతు చించుకునుడు తప్ప?"

తారామణి పక్కకు తిరిగి నవ్వింది.

తమ్ముడూ, ఇంతసేపూ దాటేసింది ఇప్పుడు రాస్తున్నాను. ఆ పూట నేనూ కొలిచాను.

"అక్కా, పిరమిడ్‌కు పైన తెల్లరాతి తొడుగుండె. తర్వాతోళ్లు ఊడదీసుకపోయిన్రు. నీ ప్రసంగీకుడు అది పోయినంక కొలిచిండు. ఆ మందం గూడ కలిపితే ఇంక పన్నెండేండ్లున్నయి."

తొడుగు నిజం. పన్నెండేళ్లు నా నోట పుట్టిన అబద్ధం.

అక్క వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంది. "గట్లనా. పన్నెండేండ్లు ఈ గడ్డనెట్ల మోస్తరా? డేటు తీసుకో."

ఆపరేషన్ గురువారం. ఇప్పుడు సంఘమంతా నా పన్నెండేళ్ల మాటే. రేపు వాక్యం చెప్పాల్సింది నేనే. నిజం చెబితే అక్క దవాఖానా మెట్లెక్కదు. దాచి చెబితే ఆ పటం పట్టుకున్నవాడికీ నాకూ తేడా ఏముంది? రేపు ప్రసంగించనని పెద్దలకు చెప్పాను. నన్ను నోరు మూయమన్నవాళ్లెవరి మాటా నేను విననివాణ్ణి, నీకు తెలుసు; ఈసారి నా అంతట నేనే మూసుకున్నాను.

బుధవారానికల్లా రా. అక్కకు స్పృహ వచ్చి, నాలుగు మెతుకులు తిన్నాక, ముందు ఆమెకే చెబుతాను. సంఘానికి ఆ తర్వాత. అక్క నన్ను కొట్టడానికి చెయ్యి లేపితే ఆపకు. లేపే సత్తువ వచ్చిందని ఇద్దరం స్తోత్రం చెల్లిద్దాం.

ఇట్లు,
నీ అన్న
మహిపాల్