బ్రేకుకు పూసిన నూనె

ఏమండీ,

అందరం బాగున్నాం, కంగారు పడకండి. కొండదారుల్లో సైకిలు తొక్కడానికి అల్లుడుగారు అమ్మాయినీ నన్నూ వ్యానులో తిప్పడం మొదలుపెట్టి పదకొండు రోజులైంది. ఇది మూడో కొండప్రాంతం. నిన్న ఊరికే కూర్చోలేక ఆయన సైకిలు తుడిచాను. గొలుసుకు వేసే నూనె తీసి, మన కుట్టుమిషనుకు పూసినట్టే చక్రాల నడుమ ఉన్న పలుచని రేకులకు కూడా పూశాను. బ్రేకు పట్టేది ఆ రేకుల మీదేనట. పొద్దున మొదటి దిగుడులోనే బ్రేకు జారి ఆయన పొదల్లో పడ్డారు. మోచెయ్యి గీరుకుపోవడంతో సరిపోయింది, దేవుడు కాపాడాడు.

రేకుల మీద నూనె చూసి ఆయన తిన్నగా మొన్న సైకిలు బాగుచేసిన మెకానిక్కు దగ్గరికెళ్లి, "ఏమయ్యా, మనుషుల్ని చంపుదామనుకున్నావా?" అని కేకలేశారు. ఆ పెద్దాయన, "నా నూనె చెయ్యి తగిలిందేమో బాబూ, పొరపాటు నాదే" అన్నాడు. నేను పక్కనే ఉండి నోరు విప్పలేదు. ప్రార్థనకు కూర్చుంటే ఆ పెద్దాయన మొహమే కనబడుతోంది.

బీపీ మాత్ర మరవకండి. పాలు పొయ్యి మీద పెట్టి పేపరు పట్టుకోకండి. వదినగారికి నా నమస్కారాలు.

నోటితో చెప్పే ధైర్యం లేక, ఈ కార్డు పోస్టు చేయమని అల్లుడుగారి చేతికే ఇస్తున్నాను. కార్డు కదా, చదవకుండా ఉండరు. ఆ పెద్దాయన కొట్టు పోస్టు డబ్బా పక్కనే ఉంది.