జానెడు దిగిన స్లాబు

కల్వకుర్తి,
మార్చి 1989

అమ్మా మంజులతకు ఫక్రుద్దీన్ చాచా సలాం, దువాలు.

నువ్వు షాద్‌నగర్‌లో ఇంజనీరువయ్యావని మీ బాపు లింగయ్య చెప్పినప్పటి నుంచి నా ఇంటి సంగతి రాయాలని ఉంది. స్లాబు పడింది. మేడమీద స్నానాలగది వచ్చే చోట, నీళ్ళు పక్క గదిలోకి పోకుండా స్లాబును జానెడు కిందికి దింపాం. అక్కడ ఇనుప సలాకలను కోసి, ఒకదాన్నొకటి దాటించి కట్టాలన్నాడు మేస్త్రి ఐలేశం. నేను ఒప్పుకోలేదు. "దర్జీ ఇంట్ల అతుకేంది? గుడ్డ మలిసినట్టు సలాకను మలువు!" అన్నాను. ఒకే సలాక మెట్టులా దిగి, మళ్ళీ ముందుకు పోయింది. చూడముచ్చటగా ఉంది. స్లాబును కింద మోసిన సెంట్రింగు చెక్కలు, గుంజలు తీసేశాం. సరిగ్గా ఆ మెట్టు కిందే కుట్టుమిషను పెట్టాను. పక్కనే మీ చాచీ బషీరున్నీసా పీట వేసుకుని గుండీలు కుడుతోంది.

ఇట్లు,
నీ మేలు కోరే ఫక్రుద్దీన్ చాచా

తా.క.: ఐలేశం అలిగాడు. అలక తీర్చడానికి లాల్చీ కుట్టిచ్చాను. అందులో ఎన్ని అతుకులున్నాయో చూపించి పోయాడు.

షాద్‌నగర్

ఫక్రుద్దీన్ చాచాకు మంజులత నమస్కారాలు.

మీ ఉత్తరం చదవగానే నా గుండె ఝల్లుమంది. ముందు చాచీని అక్కణ్ణుంచి లేపండి. వంచిన తీగను రెండు వైపులా లాగితే సాపవుతుంది కదా! స్లాబు బరువు పడితే సలాక కూడా అంతే. మెట్టు లోపలి మూలలో అది సాపు కావాలని చూస్తుంది, తనను కప్పిన కాంక్రీటును పెళ్ళగించుకుని బయటికి వస్తుంది. అందుకే అక్కడ సలాకలు వేరువేరుగా ఉండాలి. ఒక్కోటి మూల దాటి, నేరుగా అవతలి కాంక్రీటులోకి పోయి పట్టుకోవాలి. ఐలేశం చెప్పిందే సరి. వెంటనే కింద గుంజలు నిలబెట్టండి.

కంగారుతో,
మంజులత

తా.క.: మిమ్మల్ని భయపెట్టాలని రాయలేదు. కానీ భయపడండి.

కల్వకుర్తి

అమ్మా మంజులతా, దువా.

నీ ఉత్తరం వచ్చినప్పటి నుంచి అన్నం సహించడం లేదు. పైన పిల్లి నడిచినా సలాక లేస్తోందనిపిస్తోంది. గుంజలన్నీ మా ఊళ్ళోనే ఎల్లయ్య ఇంటి పనికి పోయాయి. అయినా సలాక లేచి వస్తానంటుంటే కింద గుంజలతో ఏం లాభం? అందుకని మెట్టు మీద ఇసుక బస్తాలు పేర్పించాను. నిన్న మూల కింద వెంట్రుకంత పగులు కనిపించింది. బస్తాలు ఇంకా పెంచాను. మీ చాచీ మాత్రం కదలదు. "గాలొచ్చే జాగ గిదొక్కటే. నేను లేవ" అంటోంది. ఆమెకేమైనా అయితే నేను బతకలేను తల్లీ.

నిద్రలేని
ఫక్రుద్దీన్ చాచా

తా.క.: సాయంత్రాలు నేను కూడా ఎక్కి బస్తాల మీద కూర్చుంటున్నాను. నా బరువు కూడా పనికొస్తుంది కదా!

షాద్‌నగర్

చాచా, నమస్కారం. దిగండి!

కాంక్రీటు ఊడేది పైకి కాదు, కిందికి. చాచీ నెత్తిమీదికి. మీరు పేర్చిన బరువు దాన్ని తొందరపెడుతోంది. బస్తాలు తీయడానికి కూడా మళ్ళీ ఎక్కకండి. ఏ అబద్ధం చెప్పయినా సరే చాచీని బయటికి తీసుకురండి. నాకు సెలవు దొరకలేదు. బస్సు డ్రైవరు ఇస్రాయేలు చేతికిచ్చి ఈ ఉత్తరం పంపుతున్నాను.

మంజులత

తా.క.: ఇంకా చదువుతున్నారా?

కల్వకుర్తి

అమ్మా మంజులతకు వెయ్యి దువాలు.

ఇద్దరం బతికే ఉన్నాం. ఇస్రాయేలు గుమ్మంలో ఉత్తరం ఇచ్చాడు. చదువుతూనే లోపలికి ఉరికి, "పాము! మిషను కింద పాము!" అని అరిచి, మీ చాచీ చెయ్యి పట్టి గుంజాను. సూదీ దారంతోనే బయటికి వచ్చింది. మేము వాకిట్లో పడ్డామో లేదో, మూల కింది కాంక్రీటు ఊడి దబ్బున కూలింది. మిషను నుజ్జునుజ్జయింది. చాచీ కూర్చున్న పీట ఆనవాలు కూడా లేదు.

నేను నలుగురిలోనే ఏడ్చేశాను. "పాము లేదు, అబద్ధం చెప్పిన" అన్నాను.

"నాకెరుకే" అంది మీ చాచీ. "నిజంగ పామే అయితే నన్నిడిసిపెట్టి నువ్వే ముందు ఉరికేటోడివి. నా కోసం లోపలికొచ్చినవంటే, అది పాముకన్న పెద్దదేదో అనుకొని లేచిన."

ఇట్లు,
నీకు జన్మంతా రుణపడిన
ఫక్రుద్దీన్ చాచా

తా.క.: వీధివాళ్ళు ఇంకా ఆ పాము కోసం వెతుకుతున్నారు. పాము లేదని చెప్పినా వినరు. సోమన్న అయితే దాన్ని కళ్ళారా చూశానంటున్నాడు.