నీ పేరు రాసి వదిలిన బంతి

చెల్లీ, ఓడలో నేను క్షేమం. సరుకులు తెచ్చిన పడవలో ఈ కార్డు పంపుతున్నాను. నీ కాన్పుకి రాలేను, తిట్టుకోకు. సముద్రంలో ప్రవాహం ఎటు పోతోందో తెలియడానికి మేం తేలే బంతులు వదులుతాం, ఎక్కడున్నాయో అవే ఓడకి కబురు పంపుతుంటాయి. ఒక్కోదాని మీద ఇంట్లోవాళ్ల పేరు రాయడం ఇక్కడి ఆనవాయితీ. నీ పేరు రాసింది తూర్పుకి పోవాల్సింది, ఎదురు తిరిగి మన ఒడ్డుకేసి వస్తోంది. "ప్రవాహమే తిరగబడిందయ్యా, ఈ ఏడు వానలు తలకిందులే. ఇది కొలిచేదాకా ఎవరూ కదలడానికి లేదు" అన్నాడు ఓడలో ఈ కొలతలు చూసే మా పెద్దాయన. నీకు మాటిచ్చి తప్పానని ప్రాణం ఉసూరుమంటోంది. బావ సెలవు పెట్టాడా? అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? నా పాత చొక్కాలు చింపి పొత్తిళ్లకి వాడుకో, మెత్తగా ఉంటాయి. తల్లీబిడ్డలు చల్లగా ఉండండి. నీ పేరున్న బంతి ఇంటిదారి పట్టింది. దాన్ని వదిలిన చేతులే ఇక్కడ ఉండిపోయాయి.

మీ అన్నయ్య