కాలని కుదురు

1967 జూన్ 4, ఆదివారం

రాయకూడదనే అనుకున్నా. నోరుండగా కాగితమెందుకు? తోటపల్లి గూడూరులో నా అరుగెక్కినవాడు ఎవడైనా ఒక కథ వినకుండా దిగిపోయినాడా? లేదు. కానీ ఇప్పుడు నోటికి తాళం పడింది. వేసింది మా చెల్లెలు రమణమ్మ.

"నీ నోట్లో నువ్వుగింజ నానదన్నా. ఈ ఒక్కటి నానబెట్టు. ఆయనకి మాత్రం తెలియకూడదు."

ఆయనంటే మా బావ పెంచలయ్య, దాని మొగుడు. నా పక్కిల్లే. గోడకి ఇవతల నేను, అవతల వాళ్ళు. ఇంత దగ్గర్లో ఉండి నోరు కట్టుకోవాలి... ఇక్కడే రాసుకుంటా, ఏం చేసేది.

జూన్ 6

మద్రాసు సంగతి రాయాలి. చేతికి రావడం లేదు.

మొన్నటి చలికాలం నుంచి రమణకి ఆయాసం. కుడిపక్క డొక్కలో పోటు. ఇక్కడి డాక్టరు క్షయ అన్నాడు. సూదులు. వేరే గ్లాసు, వేరే కంచం, వేరే మంచం. ఇరుగమ్మలు మజ్జిగకి రావడం మానుకున్నారు. సూదులతో ఒళ్ళు జల్లెడయింది గానీ ఆయాసం తగ్గలా. నెల్లూరులో వీపు వెనక సూది గుచ్చి నీళ్ళు తీసినారు — నీళ్ళలో నెత్తురు జీర. అది చూసి మద్రాసు పొమ్మన్నారు. ముగ్గురం పోయినాము. అక్కడ ముక్క తీసి పరీక్షకి పంపినారు. మళ్ళీ రమ్మన్న రోజున పోయి కూర్చున్నాము.

పెద్ద డాక్టరు ముసలాయన. తొందర లేని మనిషి. అట్లాంటివాళ్ళంటే నాకు మొదటినుంచీ గౌరవం, నేను తొందర లేనివాణ్ణే గనక. అరవం కలిసిన తెలుగులో అడిగినాడు.

"ఏం పని చేసేవారమ్మా?"

"ఇంటి పని."

"మీ ఆయన?"

"రైలింజన్ల షెడ్డులో. బాయిలర్లకి రాతినార చుట్టేది."

పెన్ను కింద పెట్టినాడు. "ఆయన బట్టలు ఎవరు ఉతికేది?"

రమణ నవ్వింది. "ఎవరుతుకుతారయ్యా? నేనే."

బావ ఆ సమయానికి అక్కడ లేడు, బత్తాయిలు కొనుక్కొస్తానని వీధిలోకి పోయినాడు. దేవుడు ఒక్కోసారి బత్తాయి బండి తోసుకుంటూ వస్తాడు.

జూన్ 7

నిన్న సగంలో ఆపినా.

డాక్టరు చెప్పింది నాకు అర్థమైనంత: రాతినార — ఆయన మాటలో ఆస్బెస్టాసు — రాయే గానీ దూదిలాగా విడిపోతుంది. కంటికి ఆనని ముళ్ళు. గాల్లో లేస్తాయి, ఊపిరితో లోపలికి పోతాయి, అక్కడే గుచ్చుకుంటాయి. కరగవు. ఏళ్ళూ పూళ్ళూ ఊరుకుంటాయి. మనిషి ఉద్యోగం మాని, మనవలనెత్తి, ఇక అంతా అయిపోయిందిలే అనుకున్నప్పుడు ఊపిరితిత్తి మీది పొర పుండు పడుతుంది. ఆ పుండు క్యాన్సరు. పనిచేసిన మగవాళ్ళకే గాదు, వాళ్ళ బట్టలు దులిపిన ఆడవాళ్ళకీ వస్తుందని ఇప్పుడిప్పుడే తెలుస్తా ఉందట. "మాకే కొత్త" అన్నాడు. తెలియనిదాన్ని తెలియదనే డాక్టరు — నమస్కారం పెట్టినాను.

రమణ రెండే అడిగింది.

"అంటుకుంటుందా?"

"లేదమ్మా. ఒకరి నుంచి ఒకరికి రాదు."

"పోతుందా?"

ఆయన కళ్ళద్దాలు తీసినాడు. "కోసి తీసేది కాదు. మందుతో మానేది కాదు. నీళ్ళు చేరినప్పుడల్లా తీస్తాము. నొప్పికి మందిస్తాము. నొప్పి ఉన్నచోట కరెంటు — ఎక్సురే లాంటి కిరణాలు — పెడితే కొందరికి హాయిగా ఉంటుంది. అంతకన్నా చెబితే అబద్ధం."

"అబద్ధం చెప్పనందుకు సంతోషం" అనింది మా చెల్లెలు. నేను గోడ వైపు తిరిగినా.

ఇంకో మాట కూడా చెప్పినాడు ఆయన: భర్త ఛాతీకి కూడా ఎక్సురే ఫోటో తీయించమని. ఇంట్లో ఆ నార సామాను ఏదైనా ఉంటే దులపొద్దు, చీల్చొద్దు, తడిపి మట్టిలో పూడ్చమని.

బావ బత్తాయిలతో వచ్చేసరికి రమణ కొంగు సర్దుకొని కూర్చోనుంది. "క్షయ కాదంటయ్యా. పొరలో నీరంట. అంటుకోదంట." అంతే. ఇంటికొచ్చినాక మొదటి పని ఏం చేసిందో తెలుసునా — బావ సగం తాగి పెట్టిన కాఫీ గ్లాసు తీసుకొని మిగతా సగం తాగేసింది. ఇన్ని నెలల తర్వాత. ఆయన మొహం చూడాలి!

జూన్ 9

దులపడం గురించి.

షెడ్డు రోజుల్లో వాళ్ళ కాపురం నేను చూసినాను. బావ పని అంటే మాటలు కాదు. రాతినార పొడి తొట్లో పోసి నీళ్ళు కలిపి, గోడకి మట్టి తొక్కినట్టు కాళ్ళతో తొక్కి, బాయిలరుకి అరచేత్తో మెత్తేవాడు. ఆరినాక నిమిరితే గచ్చే. లోపల నిప్పులు కుతకుత, పైన పిల్లి పడుకోవచ్చు. తెల్లవాళ్ళ ఫోర్మన్ కూడా టోపీ తీసినాడంటారు — అంటారంటే, బావే అంటాడు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి నిలువెల్లా తెలుపు. విభూతి సాములోరే. దీపం పెట్టే వేళ, అట్లా తెల్లగా గడప దాటకూడదని రమణ పట్టు. అశుభమంట. గడప బయట నిలబెట్టి, పైగుడ్డతో తల నుంచి పాదం దాకా దులిపేది. చొక్కా విప్పించి తిన్నెకి వేసి బాదేది. ఆ తెల్లటి పొగలో ఇద్దరూ దగ్గుతూ నవ్వుకునేవాళ్ళు. చూసేవాళ్ళకి ముచ్చట.

అశుభం జరక్కూడదని చేసిన పని.

జూన్ 10

"చెప్పేస్తే ఏమవుతుందమ్మే? ఆయనకీ ఫోటో తీయించాలి గదా" అన్నాను.

"ఏమవుతుందా? తన చేత్తో నన్ను చంపినానని మిగిలిన రోజులు ఏడుస్తాడు. నేను పోయినాక గూడా ఏడుస్తాడు. దులిపింది నేను గదన్నా. దులపమని ఆయన ఎప్పుడన్నా అన్నాడా?"

"మరి ఫోటో?"

"అది నాకొదిలెయ్యి."

జూన్ 18

వదిలేసినందుకు చూసిన నాటకం ఇది. నీళ్ళు తీయించడానికి నెల్లూరు పోయినాము. ఫోటో గది తలుపు దగ్గర రమణ మొరాయించింది. "అబ్బా, నాకు భయం. ఆ చీకట్లో ఆ మిషను... ముందు నువ్వు పోయి రా అయ్యా. నీకేం కాలేదని చూసి నేను పోతా."

కాలవ లాకు దగ్గర నీళ్ళలో పడిన దూడ కోసం కాలవలోకి దూకిన ఆడది. దానికి చీకటి గది భయం! బావ చొక్కా విప్పి, రొమ్ము విరుచుకొని పోయినాడు, పెద్ద వీరుడు. లోపల కాస్త ఆలస్యమయింది. డాక్టరమ్మ ఏదో అడుగుతున్నట్టు వినబడింది. బయటికొచ్చి, "ఏం లేదే పిచ్చిదానా, చల్లగా ఉంటుందంతే" అన్నాడు.

తర్వాత డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచి చెప్పింది: ఆయన పొర కూడా అక్కడక్కడా గట్టిపడి ఉందట. ఇప్పటికి భయం లేదు. ఏటేటా చూపించుకోవాలి, చుట్ట మానాలి — ఆ నార పీల్చినవాడికి పొగ ఇంకా చేటంట.

చుట్ట మానమన్నందుకు బావ మూడంకె వేసి పడుకున్నాడు.

జూన్ 25

ఇక కుదురు సంగతి. రోజూ కళ్ళబడుతోంది.

షెడ్డులో మిగిలిన రాతినార తాడుతో కొత్త కాపురంలో బావ పేనిచ్చిన కుదురు. పొయ్యి మీంచి దించిన అన్నం తపేలా దాని మీదే. గడ్డి కుదుర్లు మాడి మసి అవుతాయి, ఇది కాలదు. వీధి వీధంతా వచ్చి చూసి పోయేది. బావ దాన్నుంచి ఒక పోగు లాగి నిప్పులో పెట్టేవాడు — ఎర్రగా అవుతుంది, తీస్తే మళ్ళీ తెలుపే. రమణకి అది కాసులపేరుకన్నా ఎక్కువ. ఇన్నేళ్ళకి పోగులు లేచి, ముసలి మేక గడ్డంలాగా ఉంది.

"పారెయ్యి" అన్నా.

"పారేస్తే ఎందుకంటాడు. ఆయన చేతి పని." తడిగుడ్డలో చుట్టి దాని మీదే తపేలా పెడుతోంది. రోజూ తడుపుతుంది.

డాక్టరు పూడ్చమన్నాడే, అన్నాను. "నన్ను పూడ్చినాక" అనింది. దీనితో వాదన పెట్టుకోకూడదు.

జూలై 8

ఈరోజు చచ్చేంత పనయింది.

సాయంత్రం పక్కవీధి సుబ్బారెడ్డి వచ్చినాడు చూసి పోదామని. రమణ మంచం మీద, దాని కాళ్ళ దగ్గర కూతురి బిడ్డ. మాటల్లో మాట — "ఏం పెంచలయ్యా, నీ గారడీ చూపించి శానా రోజులాయె. ఆ కాలని తాడు ఉండాదా?"

బావ మొహం వెలిగింది. లేచి వంటింట్లోకి పోయి కుదురు పట్టుకొచ్చినాడు. గుడ్డ విప్పేసినాడు. అరచేత్తో టపటపమని దులపబోతున్నాడు — బిడ్డ మొహం ముందర.

రమణ నా వైపు చూసింది. చెప్పవద్దు, ఆపు — రెండూ ఆ చూపులోనే.

"బావా!" అన్నా. "ఆగు. నిప్పు సంగతి సరే, కాలవలో ఉప్పు పడవ తగలబడిన కథ రెడ్డికి చెప్పినానా?"

ఉప్పు పడవ తగలబడటమేందని రెడ్డి. అదే గదా కథ! బావ చేతిలోంచి కుదురు తీసుకొని, వేలితో కాలవ వంపు చూపిస్తూ, దాన్ని మంచం కింది నీళ్ళ బక్కెట్లో వదిలినా — పడవ మునిగిన తీరు చూపించడానికి. ఉప్పు పడవ ఎక్కడా తగలబడలేదు. లాకు తలుపులు తీసి మూసే లస్కరుగా నేను చూసిన పడవలన్నీ బుద్ధిగా వచ్చి బుద్ధిగా పోయినాయి. అయినా దీపాలు పెట్టేదాకా చెప్పినా. పడవ నడిపే సరంగుకి భార్యని కూడా పుట్టించినా. రెడ్డి కళ్ళు తుడుచుకున్నాడు.

రమణ నవ్వలేక డొక్క పట్టుకుంది. "నీ నోరు ఒక్కనాటికైనా పనికొచ్చిందన్నా."

జీవితమంతా వాగినా. ఇంత మంచి మెచ్చుకోలు ఎన్నడూ రాలా.

జూలై 9

బావ పొద్దున అడిగినాడు — "ఆ పడవ కథ నాకెప్పుడూ చెప్పలేదే?" మరిచిపోయినా అన్నా. "నువ్వా?" అన్నాడు. అంతే అన్నాడు.

ఆగస్టు 22

మద్రాసు సత్రం. కరెంటు పెట్టిస్తున్నాము. నొప్పెట్టదు, వెలుగుండదు, చప్పుడుండదు — వైద్యం చేసినట్టే ఉండదు. ఆ చోట చర్మం కమిలింది. నీరసం, అన్నం సయించడం లేదు. కానీ డొక్క పోటు తగ్గింది. నిన్న రెండు పక్కలా తిరిగి పడుకుంది. దానికే పండగ.

ఆసుపత్రిలో పక్క మంచం ఆవిడ రోజూ ఏడుస్తుంది. రమణ ఆవిడకి జడ వేస్తోంది, కూర్చోలేక కూర్చొని.

సెప్టెంబరు 17

ఇంట్లో. మళ్ళీ నీళ్ళు చేరినాయి.

"పడవకి చిల్లి పడితే ఏం చేసేవాళ్ళన్నా?"

"తోడేవాళ్ళు."

"చిల్లి పూడ్చేది కుదరకపోతే?"

"తోడుతూనే పోయేవాళ్ళు. రేవు వచ్చేదాకా."

"ఆఁ. అదే" అని, చింతాకు పొడి అడిగింది.

అక్టోబరు 5

వాన. కాలవ నిండుగా ఉంది. రమణ గోడకి ఆనుకొనే నిద్రపోతుంది, పడుకుంటే ఊపిరాడదు. బావ దాని వెనక కూర్చొని వీపు ఆనిస్తున్నాడు. మనిషి కుర్చీ అయినాడు. చుట్ట వాసన లేదు.

ఒకటి రాయాలి. నెల్లూరులో డాక్టరమ్మ ఆరోజు ఫోటో గదిలో ఏమడిగిందని ఇన్నాళ్ళూ నేను బావని అడగలా. ఆయనా చెప్పలా.

అక్టోబరు 12

వాన తెరిపిచ్చింది. పెరట్లో బావ పార పట్టుకొని గుంట తవ్వుతున్నాడు. గోడ మీంచి చూసినా. లోతు గుంట.

"మొక్క నాటుతుండావా బావా?"

"ఆఁ."

మొక్క లేదు. తడిగుడ్డ మూట ఒకటి గుంటలో పెట్టినాడు. మన్ను కప్పి, బక్కెట్టు నీళ్ళు పోసి, కాలితో అదిమినాడు. తర్వాత గడప బయటే చొక్కా విప్పి, దులపకుండా బక్కెట్లో ముంచి, ఒళ్ళు కడుక్కొని లోపలికి పోయినాడు.

మధ్యాహ్నం భోజనానికి పిలిచినారు. రమణే వడ్డించింది, పీట మీద కూర్చొని. అన్నం తపేలా కింద కొత్త కుదురు. ఎండుగడ్డిది. అది చూసింది రమణ, తర్వాత నన్ను చూసింది. నేను చెప్పలేదన్నట్టు తల అడ్డంగా ఊపినా. బావ తల వంచుకొని తింటున్నాడు.

"ఇంకాస్త వెయ్యనా?" అనింది.

"వెయ్యి" అన్నాడు.