కరెంటు పోయే పాట

మదనపల్లె,
12-3-1984.

చిరంజీవి రెడ్డెప్పకు,

ఈడ అందరం బాగుండాము. బెంగుళూరులో మీ స్నేహితులంతా కలిసి గిటారు, డ్రమ్ములతో చేసిన రెండు నిమిషాల పాట క్యాసెట్టు అందింది. ఇప్పటి మనుషుల బతుకు ఇట్లే ఉండాదని చెప్పే పాట ఇదని రాసినావు. నేను బాగలేదంటే ఇంక గిటారు ముట్టనని కూడా రాసినావు. నిజం చెప్తాండాను, మొదట నాకు కోపమొచ్చింది. లారీ హారన్లు, సైరన్లు, టైపు మిషన్లు, ఒకటే అరుపులు. ఇది పాటేనా అనుకుంటిని.

నిన్న పుంగనూరులో నూరుల్లా కూతురి పెండ్లికి మన మైకుసెట్టు కట్టినాము. టెస్టింగప్పుడు ఎంత గోలైనా ఎవురూ పట్టించుకోరు కదా అని నీ క్యాసెట్టే వేస్తిని. మన దగ్గర పని చేసే మునస్వామి, సెట్టు చెడిపోయిందనుకోని నిచ్చెనేసుకోని మిద్దెక్కి మైకును తట్టినాడు. వంటోళ్లు నవ్వినారు.

నూరుల్లా అక్క గుల్జార్ బీ ఎర్రగడ్డలు తరుగుతా ఉండె. ఆయమ్మ ఈడ పట్టుదారం మిల్లులో పని చేస్తాది. పాట చివర్లో గోలంతా ఒక్కసారిగా ఆగి, ఎవురో ఆడమనిషి సన్నగా కూనిరాగం తీస్తాది సూడు, ఆడికొచ్చేసరికి కత్తి పక్కన పెట్టేసింది.

"కరెంటు పోతే మా మిల్లు ఇట్లే ఉంటాదప్పా. పక్క మిషను మరియం పాడుకుంటాదని అప్పుడే తెలుస్తాది. మళ్లీ వెయ్యి" అనింది.

మూడుసార్లు వేసినాను.

గిటారు వదలొద్దు. వచ్చే వారం కుప్పం పెండ్లిలో కూడా వేస్తాను, టెస్టింగుకు కాదు. గుల్జార్ బీ నీకొక మాట రాయమనింది. ఈసారి చేసేటప్పుడు కరెంటును ఇంకొంచెం సేపు పోనిమ్మనింది.

నీ అన్న