ఆముదం ముట్టని తలపాగా

కొమరోలు, 13-4-1958

బావమరిది ఓబులయ్యకు వెంకటస్వామి దీవెనలు. ఇక్కడ నా నడుము తప్ప అందరం క్షేమం.

తిరునాళ్ళలో నేను మోకాళ్ళ దాకా ఎత్తి వదిలేసిన రాతి గుండును నువ్వు భుజం దాటించినావు. తలపాగా నీకు కట్టినారు. దానికి నాకు బాధ లేదు. తెల్లారి నేను మంచం దిగలేకపోతే మీ అక్క అలివేలమ్మ, "మా తమ్ముడు చూడు, గుండెత్తి నడిచిపోయి బస్సెక్కినాడు" అని వీధంతా చెప్పొచ్చింది. దానికి బాధ ఉంది. నాకంటే నాలుగేండ్లే చిన్నోడివి. నీకు నొప్పి ఎట్ల రాలేదో రాయి.

ఇట్లు, వెంకటస్వామి

తా.క.: ఊరి కట్టుబాటు తెలుసు గదా. తలపాగా కట్టించుకున్నోడు వచ్చే తిరునాళ్ళ దాకా నొప్పికి ఆముదం రుద్దించుకోకూడదు. రుద్దించుకుంటే తలపాగా రెండోవాడిది. రెండోవాణ్ణి నేనే.

అర్ధవీడు, 14-4-1958

బావకు ఓబులయ్య నమస్కారం.

నాకు నొప్పా? కొర్రన్నం తింటాను, పొద్దున్నే గుంజీలు తీస్తాను. ముసలితనమంతా నీ మూలుగులోనే ఉంది. ఇదే మాట మా ఇంటిది అంకాలమ్మకు చెబితే మురిసిపోయి, గొర్రెలకు నీళ్ళు తోడే పని నాకే అప్పగించింది.

ఇట్లు, ఓబులయ్య

తా.క.: తలపాగా మీద ఆశ వదులుకో.

కొమరోలు, 20-4-1958

గుంజీల ఓబులయ్యకు, దీవెనలు.

నీ మాట నమ్మి గుంజీలు తీసినాను. కూర్చున్నాను గానీ లేవలేదు. మీ అక్కా, పక్కింటి కాశయ్యా చెరో రెక్క పట్టి లేపినారు. రెండు పూటలా వావిలాకు నీళ్ళ కాపడం, గోరువెచ్చని ఆముదంతో వీపు రుద్దడం. నీకేంది, ఇనుప మనిషివి.

ఇట్లు, మంచంలోని వెంకటస్వామి

తా.క.: రుద్దేటప్పుడు మీ అక్క నోట్లో సున్నుండ కూడా పెడుతుంది. ఈ కష్టం పగోడికి కూడా వద్దు.

అర్ధవీడు, 23-4-1958

బావా, ఇది చదివి చించెయ్యి.

నొప్పి వచ్చింది. ఆ రోజు నీకు రాసిన ఉత్తరం డబ్బాలో వేసి వెనక్కి తిరగబోయినాను, తిరగలేకపోయినాను. కంభంలో డాక్టరు, "వయసులో ఉన్నప్పుడు తెల్లారేసరికి తెలిసే నొప్పి నీకు నిదానంగా తెలిసింది. నిదానంగానే పోతుంది. ఆముదం రుద్దించుకో" అన్నాడు. ఎట్ల రుద్దించుకునేది? తలపాగా పోతుంది. నొప్పి లేదన్నానని అంకాలమ్మ నీళ్ళతో పాటు పేడగంప కూడా నా నెత్తికే ఎత్తుతోంది. నీకు సున్నుండ, నాకు పేడగంప. నడుము కంటే ఆ సున్నుండే ఎక్కువ సలుపుతోంది.

ఇట్లు, ఓబులయ్య

తా.క.: తలపాగా ఇప్పుడు నడుముకు కట్టుకున్నాను.

కొమరోలు, 26-4-1958

నా సాటి రోగి ఓబులయ్యకు,

నువ్వు నిజం చెప్పినావు, నేనూ చెబుతాను. నా నొప్పి పోయి నాలుగు రోజులయింది. చెబితే ఆముదం ఆగిపోతుందని మూలుగుతున్నాను. వచ్చే శనివారం బస్సుకు రా. తలపాగా ఊసెత్తను. ఇద్దరం పక్కపక్క మంచాల్లో పడుకుందాం. నాకంటే గట్టిగా మాత్రం మూలగొద్దు, పెద్దోణ్ణి.

ఇట్లు, వెంకటస్వామి

తా.క.: తమ్ముడా, ఇది మీ అక్క రాస్తున్నది. డబ్బాలో వెయ్యమని ఉత్తరం నాకే ఇచ్చినాడు మీ బావ. నేను ఇంట్లో లేనప్పుడు కొట్టం పైకెక్కి సొరకాయలు కోసినాడే, ఆ రోజే నాకు తెలిసింది. అంకాలమ్మను కూడా తీసుకురా. నీది నిజం నొప్పి, నీకు రుద్దుతాను. నీళ్ళు ఈయన తోడతాడు. తలపాగా మరువకుండా తీసుకురా. చేతుల ఆముదం తుడుచుకోడానికి ఇంట్లో పాతగుడ్డ లేదు.